డకోటా తలుపు దగ్గర: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రెండో ప్రపంచ యుద్ధకాలపు రవాణా విమానాలను బాగుచేసి, ఆనాటి యూనిఫారాలు వేసుకున్న మనుషులను ఎక్కించుకుని మళ్లీ ఎగురవేసే ‘సజీవ చరిత్ర’ ప్రదర్శనల గురించి గత సంచికలో ఒక చిన్న జవాబు ఇచ్చాము. దాన్ని చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగిన వారి ప్రశ్నలను కలిపి ఒకటిగా చేశాము.

ప్రశ్న: సజీవ చరిత్ర ప్రదర్శన అంటే వేషాలు వేసుకుని ఆడే నాటకమే కదా, దానికి అంత పెద్ద పేరు ఎందుకు అని మావారు అంటున్నారు. నిజంగా తేడా ఉందా?

జవాబు: మీవారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. వేషం ఉంది, చూసే జనం ఉన్నారు, ఎవరెప్పుడు ఏం చేయాలో ముందే అనుకున్న క్రమం కూడా ఉంది. అయితే నాటకంలో మామూలు కుర్చీని చూపించి ఇది సింహాసనం అంటే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు, ఒప్పుకోవడంలోనే అతని ఆనందం ఉంది. సజీవ చరిత్రలో ఆ ఒప్పందం చెల్లదు. అక్కడ వస్తువు పనిచేయాలి, దాన్ని వాడే మనిషికి దాని పని తెలిసి ఉండాలి. సినిమాలోనైతే కెమెరాకు కనిపించే వైపు మాత్రమే సరిగ్గా ఉంటే చాలు, కాని ఇక్కడ చూడవచ్చిన పదేళ్ల పిల్లవాడు వెనక్కి వెళ్లి, సైనికుడి నడుముకు కట్టిన సంచిని పట్టుకుని, ఇందులో ఏముంది, ఎందుకుంది అని అడుగుతాడు. సంభాషణలు రాసిపెట్టుకున్న నటుడు ఆ ప్రశ్నకు తడుముకుంటాడు గాని, పునరభినయం (ఆనాటి పనిని మళ్లీ చేసి చూపించడం) చేసేవాడు సంచి విప్పి చూపించి జవాబు చెప్పగలగాలి.

ఈ ప్రదర్శనల్లోనూ రకాలున్నాయి. గుడారాలు వేసి ఆనాటి శిబిర జీవితాన్ని చూపించేవి కొన్ని, ఉత్తుత్తి తూటాలతో పోరాటాన్ని అభినయించేవి కొన్ని. మాకు మొదటి రకం మీద ఉన్నంత గౌరవం రెండోదాని మీద లేదు, ఎందుకంటే చనిపోయినట్టు పడిపోయినవాడు అయిదు నిమిషాల తర్వాత లేచి దుమ్ము దులుపుకుంటుంటే అందులో చరిత్ర ఎంత మిగిలిందని అనిపిస్తుంది. మూడో రకం ఒక యంత్రం చుట్టూ తిరుగుతుంది. పాత విమానం అందులోకి వస్తుంది. విమానానికి నటించడం చేతకాదు కాబట్టి, దాని చుట్టూ ఉన్నవాళ్లు కూడా నటనను చాలావరకు పక్కనపెట్టి నిజంగానే పనిచేయవలసి వస్తుంది.

ప్రశ్న: ఈ ప్రదర్శనలన్నింటిలో సి-47 అనే ఒకే రకం విమానం కనిపిస్తుంది. కొన్నిచోట్ల దాన్ని డకోటా అంటున్నారు. రెండూ ఒకటేనా? దానికే ఇంత ఆదరణ ఎందుకు?

జవాబు: రెండూ ఒకటే. డగ్లస్ సంస్థ తయారుచేసిన డీసీ-3 అనే ప్రయాణికుల విమానం 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది. దాని నేలను గట్టిపరచి, ఎడమ వైపు వెనక భాగాన జీపు పట్టేంత వెడల్పైన తలుపులు పెట్టి అమెరికా సైన్యం తీసుకున్న రూపానికి సి-47 అని పేరు. బ్రిటిష్ వాళ్లు డకోటా అన్నారు, మనకూ ఆ పేరే అలవాటైంది. రెక్కల చివరి నుంచి చివరికి 29 మీటర్లు, ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గల 14 సిలిండర్ల రేడియల్ ఇంజన్లు రెండు, 28 మంది సైనికులను గాని, సుమారు 2,700 కిలోల సరుకును గాని మోయగల సత్తా, ఇవి స్థూలంగా దాని కొలతలు. సైనిక రూపాలన్నీ కలిపి పది వేలకు పైగా తయారయ్యాయి.

యూరప్‌లో మిత్రరాజ్యాల సర్వసేనానిగా పనిచేసిన ఐసెన్‌హోవర్ తమ విజయానికి ముఖ్యమైన పరికరాలను లెక్కపెడుతూ బుల్డోజరు, జీపు, రెండున్నర టన్నుల ట్రక్కులతో పాటు ఈ విమానాన్ని చేర్చాడు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా పోరాడటానికి తయారుచేసినది కాదు. 1944లో ఇంఫాల్ చుట్టూ దారులన్నీ మూసుకుపోయినప్పుడు అక్కడి సైన్యానికి తిండి, మందుగుండు చేరింది విమానాల ద్వారానే. అస్సాంలోని చబువా, దింజన్ వంటి స్థావరాల నుంచి హిమాలయాల తూర్పు కొసను దాటి చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు మోసిన మార్గంలోనూ ఇవి తిరిగాయి.

ఇన్ని విమానాలు ఇంకా మిగలడానికి కారణం కూడా అదే. యుద్ధం ముగిశాక ఫైటర్ విమానానికి ఇక చేయవలసిన పని లేదు కాబట్టి అది తుక్కు కింద పోయింది. సరుకు మోసేదానికి మాత్రం పని ఎప్పుడూ ఉంటుంది. చౌకగా దొరికే, గట్టి రన్‌వే లేకపోయినా మట్టి నేల మీద దిగగలిగే ఈ విమానాన్ని ఎయిర్‌లైన్లు, సరుకు రవాణా సంస్థలు దశాబ్దాల పాటు వాడుకున్నాయి. పైగా ఫైటర్ విమానంలో ఒక్కడే కూర్చుంటాడు, మిగిలినవాళ్లు కింద నిలబడి చూడవలసిందే. సి-47 లోపలికి ఇరవై మంది ఎక్కి, ఆనాటి సైనికులు ఏ వరుసలో ఏ పని చేశారో ఆ వరుసలో ఆ పని చేసి చూడవచ్చు.

ప్రశ్న: చారిత్రకమైన విమానమని ముందుగా ఎలా తెలుస్తుంది? ఎక్కడో మూలన పడి ఉన్నదాన్ని వెతికి తీసి బాగుచేయడం ఎలా మొదలవుతుంది?

జవాబు: దీనికి ఒక నిజమైన కథే మంచి జవాబు. 1944 జూన్ 5 రాత్రి ఇంగ్లండ్‌లోని గ్రీనమ్ కామన్ స్థావరం నుంచి, దారి గుర్తులు పెట్టే పాత్‌ఫైండర్ దళాలు ముందు వెళ్లిన తర్వాత, అమెరికన్ పారాట్రూపర్ల (పారాచూట్‌తో దూకే సైనికుల) ప్రధాన దళాన్ని జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం వైపు నడిపిస్తూ అందరికంటే ముందు బయల్దేరిన విమానం పేరు ‘దట్స్ ఆల్, బ్రదర్’. ‘ఇక నీ పని అయిపోయింది, తమ్ముడూ’ అని హిట్లర్‌కు చెప్పిన మాట అది. నడిపినవాడు లెఫ్టినెంట్ కర్నల్ జాన్ డోనాల్సన్. దాని వెనక 800కు పైగా విమానాలు, వాటిలో సుమారు 13,000 మంది పారాట్రూపర్లు ఉన్నారు. ఇంత పేరున్న విమానాన్ని యుద్ధం తర్వాత మామూలు సరుకుగా అమ్మేశారు. అది చేతులు మారుతూ, రంగులు మారుతూ, రిజిస్ట్రేషన్ నంబర్లు మారుతూ తిరిగింది. ఎవరి దగ్గర ఉన్నా వాళ్లకు అది మరో పాత డీసీ-3 మాత్రమే.

డోనాల్సన్ గురించి వివరాలు సేకరిస్తున్న ఒక సైనిక పరిశోధకుడు ఆయన నడిపిన విమానం ఏమైందో చూద్దామని దాని క్రమసంఖ్య 42-92847ను పట్టుకుని రికార్డులు తిరగేస్తూ వచ్చి, విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో ఒక సంస్థ ఆవరణలో దాన్ని కనిపెట్టాడు. ఆ సంస్థ పని పాత డీసీ-3లకు టర్బైన్ ఇంజన్లు బిగించి, శరీరాన్ని పొడిగించి, కొత్త విమానాలుగా మార్చడం. మన విమానం కూడా ఆ వరుసలోనే నిలబడి ఉంది. ఇంకొంత ఆలస్యమైతే దాన్ని కోసి మరో రూపంలోకి మార్చేసేవారు. కమెమొరేటివ్ ఎయిర్ ఫోర్స్ అనే స్వచ్ఛంద సంస్థ 2015లో ఇంటర్నెట్ ద్వారా జనాన్ని విరాళాలు అడిగి, 3 లక్షల డాలర్లకు పైగా సేకరించి దాన్ని చేజిక్కించుకుంది. 2018 జనవరి 31న అది మళ్లీ ఎగిరింది. మరుసటి ఏడాది నార్మండీ దాడికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా అట్లాంటిక్ దాటి ఫ్రాన్స్ మీదికి వెళ్లింది.

దాన్ని రక్షించింది ఒక క్రమసంఖ్య అనే సంగతి గమనించండి. తయారీ పలక మీది అంకె, లాగ్ పుస్తకాలు, అమ్మకపు పత్రాలు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతేనే విమానానికి గతం ఉన్నట్టు.

ఆ తర్వాతి పని చాలా నెమ్మది. రంగు పొరను గీకితే కింద అల్యూమినియం రేకు తెల్లటి పొడిగా రాలుతుంది. అది తుప్పే, కాకపోతే ఇనుప తుప్పులా ఎర్రగా ఉండదు కాబట్టి పైకి తెలియదు. రెక్కల బయటి భాగాలను మధ్య భాగానికి వందలాది బోల్టులు పట్టి ఉంచుతాయి, వాటిని విప్పి, అక్కడి పట్టీల్లో పగుళ్లున్నాయేమో వెతకాలి. విమానాన్ని మలుపు తిప్పే, పైకీ కిందికీ వంచే, పక్కకు ఒరిగించే కదిలే పలకలు, అంటే చుక్కాని, ఎలివేటర్లు, ఐలెరాన్లు, రేకుతో చేసినవి కావు, చట్రం మీద బిగించిన గుడ్డ. ఆనాడు అది నూలు గుడ్డ, ఈనాడు పాలియెస్టర్. తెలిసినవాడు వేలితో మీటి చూసి దాని బిగువు చెప్పగలడు.

ప్రశ్న: రేకు మార్చి, బోల్టు మార్చి, గుడ్డ మార్చి, ఇంజన్ మార్చితే ఇక అది ఆ విమానమే అని ఎలా అంటారు? నేతిబీరకాయలో నెయ్యి లాంటిది కాదా?

జవాబు: సామెత బాగా వాడారు, కాని కొంచెం తొందరపడ్డారు. యుద్ధం జరుగుతున్నప్పుడే ఈ విమానాలకు ఇంజన్లు మార్చారు, తూటాలు తగిలిన చోట రేకు అతుకులు వేశారు. ఏ రోజున ఉన్నది అసలైనది అని నిర్ణయించాలి? కర్మాగారం నుంచి బయటకు వచ్చిన రోజా, దాడికి వెళ్లిన రాత్రా?

మా దృష్టిలో అసలు ప్రశ్న ఎంత మార్చారన్నది కాదు, మార్చినది చెప్పారా లేదా అన్నది. మంచి బృందాలు ఏ భాగం పాతది, ఏది మరో సి-47 నుంచి తెచ్చినది, ఏది కొత్తగా చేసినది అని పుస్తకంలో రాసి ఉంచుతాయి, అడిగినవారికి చూపిస్తాయి. కాక్‌పిట్‌లో ఆనాటి గడియారాల మధ్య జీపీఎస్, రాడార్‌కు ఇది ఏ విమానమో తెలిపే ట్రాన్స్‌పాండర్ కావలసి ఉంటాయి కాబట్టి వాటిని ఒక మూత వెనక పెట్టి, ఎవరైనా అడిగితే మూత తీసి చూపిస్తారు. దాచిపెట్టి, అంతా 1944 నాటిదే అని గొప్పలు చెప్పుకునేచోట మాత్రం మీ సామెత చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: విమానం పొట్ట మీద, రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు ఎందుకు? అలంకారమా?

జవాబు: కాదు, అది ఒక ఘోరమైన పొరపాటు నుంచి నేర్చుకున్న జాగ్రత్త. 1943 జులై 11 రాత్రి ఇటలీలోని సిసిలీ ద్వీపం మీద పారాట్రూపర్లను దించడానికి వెళ్లిన 144 అమెరికన్ విమానాల్లో 23 విమానాలను సొంత పక్షం ఫిరంగులే శత్రువులనుకుని కూల్చేశాయి. నార్మండీలో అలా జరగకూడదని మూడు తెల్ల, రెండు నల్ల పట్టీలు, రెండు ఇంజన్ల విమానాలకైతే ఒక్కొక్కటి 24 అంగుళాల వెడల్పుతో వేయమని ఆదేశించారు. రహస్యం బయటపడకుండా చివరి రెండు మూడు రోజుల్లో మాత్రమే వేయించడంతో దొరికినవాడి చేతికి దొరికిన బ్రష్షు ఇచ్చి, ఒక్కోచోట చీపుళ్లతో కూడా పూయించారు. అందువల్ల ఆనాటి ఫొటోల్లో అంచులు వంకరటింకరగా ఉంటాయి. ఈనాడు టేపు అంటించి గీత గీసినట్టు వేసిన పట్టీలు కనిపిస్తే, ఆ విమానానికి రంగు వేసినవాళ్లు ఫొటోలు చూడలేదని అనుకోవచ్చు.

ప్రశ్న: ప్రదర్శన రోజున లోపల ఉన్నవాళ్లకు ఏం జరుగుతుంది? బయటి నుంచి చూసేవాళ్లకు విమానం ఎగిరింది, గొడుగులు విచ్చుకున్నాయి అని మాత్రమే తెలుస్తుంది.

జవాబు: ఉదయం మొదటి పని ఇంజన్ స్టార్ట్ చేయడం కాదు, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పడం. రేడియల్ ఇంజన్‌లో సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చి ఉంటాయి కాబట్టి, రాత్రంతా నిలిపి ఉంచితే నూనె కిందివైపు సిలిండర్లలోకి దిగి నిలుస్తుంది. గాలిని నొక్కవచ్చు గాని నూనెను నొక్కలేము. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ నూనెకు గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందువల్ల ఇద్దరు ముగ్గురు వరుసగా నిలబడి, ఒకరు ఒక బ్లేడును కిందికి లాగి పక్కకు తప్పుకోగా మరొకరు తర్వాతి బ్లేడును అందుకుంటూ తిప్పుతారు. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకుండా ఆపి, కింది స్పార్క్ ప్లగ్ విప్పి నూనె కార్చేస్తారు. ఇంజన్ల కింద ఎప్పుడూ నూనె పట్టే పళ్లేలు ఉంటాయి. కింద నూనె చుక్క కనిపించకపోతే లోపల నూనె అయిపోయిందని అర్థం అని మెకానిక్‌లు హాస్యమాడతారు.

ఇక ఎక్కేవాళ్ల సంగతి. తోక కింద చిన్న చక్రం ఉండే విమానం కావడంతో నేల మీద ఉన్నంతసేపూ లోపలి నేల వాలుగా ఉంటుంది. వెనక తలుపులోంచి ఎక్కి ముందుకు పోవడమంటే గుట్ట ఎక్కడమే. ఒంటి మీద ప్రధాన పారాచూట్, ఛాతీ మీద రిజర్వ్ పారాచూట్, దాని కింద సంచులు ఉంటే ఆ నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. రెండు పక్కల గోడలకు ఆనుకుని రేకు బెంచీలు, వాటిలో పిరుదుల ఆకారంలో గుంటలు. కిటికీ అద్దాల మధ్యలో రబ్బరు బిరడా పెట్టిన చిన్న రంధ్రం ఉంటుంది, అది అవసరమైతే తుపాకీ గొట్టం బయటపెట్టి కాల్చడానికి. తలుపును తీసివేసి ఎగురుతారు కాబట్టి శబ్దం, పెట్రోలు వాసన, గాలి మూడూ లోపలికి వస్తాయి.

తలుపు పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది. దూకేవాళ్లను నడిపించే జంప్‌మాస్టర్ లేచి అరుస్తాడు గాని ఆ హోరులో మాట వినిపించదు, చేతి సైగలే ఆధారం. స్టాండ్ అప్ అంటే అందరూ లేచి నిలబడతారు. హుక్ అప్ అంటే తలపైన విమానం పొడవునా కట్టిన ఉక్కు తీగకు తమ స్టాటిక్ లైన్ (దూకగానే పారాచూట్‌ను లాగి తెరిచే పట్టీ) కొక్కాన్ని తగిలిస్తారు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ తన ముందున్నవాడి వీపు మీది పారాచూట్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. తన వీపును తాను చూసుకోలేడు కాబట్టి వెనకవాడిని నమ్మక తప్పదు. చివరివాడు మొదలుపెట్టి, ముందువాడి భుజం మీదో తొడ మీదో చరిచి, పద్దెనిమిది ఓకే అని అరుస్తాడు, అది పదిహేడు ఓకే, పదహారు ఓకే అంటూ తలుపు దాకా వస్తుంది. పునరభినయంలో పాల్గొన్నవాళ్లు దుస్తుల గురించి కాకుండా ఈ లెక్క గురించే ఎక్కువ చెబుతుంటారు, ఎందుకంటే అంకెలు తగ్గుతూ తమ వైపు వస్తుంటే కడుపులో ఏదో కదులుతుంది.

పచ్చ దీపం వెలిగేలోపే పైలట్ విమానాన్ని గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగానికి తగ్గించి నిలకడగా ఉంచుతాడు. దీపం వెలగగానే పద్దెనిమిది మంది ఒకరి వెనక ఒకరు అర నిమిషం లోపే ఖాళీ అవుతారు. ఎందుకంత తొందర అంటే, ఒక్క సెకను ఆలస్యమైతే కింద యాభై మీటర్ల దూరం పెరుగుతుంది. చెదిరిపోయిన దళం చీకట్లో ఒకచోట చేరడానికి గంటలు పడుతుంది, నార్మండీలో చాలామందికి అదే జరిగింది.

ప్రశ్న: వాళ్లు నిజంగా ఎనభై ఏళ్ల నాటి పారాచూట్‌లతోనే దూకుతారా? మా అబ్బాయి పారాచూట్ దూకుడు నేర్చుకుంటున్నాడు, అతనికి ఈ పిచ్చి పట్టుకుంటుందేమోనని భయంగా ఉంది.

జవాబు: దూకరు. ఆనాటి గుడ్డ మీద ఎవరూ ప్రాణం పెట్టరు. ప్రదర్శనల్లో వాడేవి గుండ్రటి గొడుగు ఉన్న తర్వాతి కాలపు సైనిక పారాచూట్‌లు, టీ-10 వంటివి. బయటి సంచి, పట్టీల రంగు మాత్రం 1944 నాటి టీ-5ను పోలి ఉంటాయి. తేడా చిన్నది కాదు. టీ-5లో ముందు గొడుగు విచ్చుకుని తర్వాత తాళ్లు సాగేవి, అందువల్ల భుజాలు విరిగిపోతాయేమో అనిపించే కుదుపు వచ్చేది. టీ-10లో ముందు తాళ్లు సాగి తర్వాత గొడుగు విచ్చుకుంటుంది, గొడుగు కూడా 28 అడుగులకు బదులు 35 అడుగుల వ్యాసంతో ఉంటుంది. దిగే వేగమూ తక్కువే. అంటే ఆ సైనికుడు అనుభవించినదానికంటే మెత్తటి అనుభవం ఇది. మరో మాట, బ్రిటిష్ పారాట్రూపర్లు యుద్ధకాలంలో రిజర్వ్ పారాచూట్ లేకుండానే దూకేవారు. ఈనాడు అమెరికాలో చట్టప్రకారం రిజర్వ్ ఉండి తీరాలి, దాన్ని లైసెన్సున్న రిగ్గర్ (పారాచూట్‌లు మడిచే నిపుణుడు) 180 రోజుల లోపు మడిచి ఉండాలి. కాబట్టి బ్రిటిష్ వేషం వేసుకుని దూకేవాడి ఛాతీ మీద ఆ సంచి కనిపిస్తే అది తప్పు కాదు, ప్రాణానికి ఇచ్చిన విలువ.

ఎత్తులోనూ ఇంతే. నార్మండీలో 700 అడుగుల నుంచి దూకించాలన్నది ప్రణాళిక, ఎందుకంటే గాలిలో తేలుతున్నంతసేపూ సైనికుడు కింది తుపాకులకు గురి. కాల్చేవాళ్లు లేనప్పుడు అంత కిందికి రావలసిన అవసరం లేదు కాబట్టి ఇప్పుడు సాధారణంగా 1,000 అడుగులకు పైనుంచే దూకుతారు.

మీ అబ్బాయి విషయానికి వస్తే, స్పోర్ట్స్ పారాచూట్ వచ్చినవాడికి ఇది వచ్చినట్టు కాదు. చదరపు గొడుగును మలుపు తిప్పుకుంటూ నిలబడి దిగవచ్చు, గుండ్రటి గొడుగు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. దిగేటప్పుడు పాదాలు కలిపి, పిక్క, తొడ, తుంటి, వీపు వరుసగా నేలకు తగిలేలా దొర్లాలి. ఓక్లహోమాలోని ఫ్రెడరిక్‌లో యుద్ధకాలపు హ్యాంగర్‌లోనే ఒక స్వచ్ఛంద బృందం ఈ శిక్షణ ఇస్తోంది. రోజుల తరబడి నేల మీదే దొర్లించి, తలుపు నమూనాలోంచి దూకించి, ఆ తర్వాతే విమానం ఎక్కిస్తారు. భయపడవద్దని చెప్పలేము. 2018 జులైలో టెక్సాస్‌లోని బర్నెట్‌లో ఒక సి-47 పైకి లేస్తుండగా పక్కకు ఒరిగి పడి కాలిపోయింది. లోపలున్న 13 మందీ బతికి బయటపడ్డారు.

వయసు అడ్డు కాదన్నదానికి ఒక ఉదాహరణ కూడా చెప్పాలి. 1944లో నార్మండీలో దూకిన టామ్ రైస్ 2019 జూన్‌లో, తన 97వ ఏట, మరో జంపర్‌కు కట్టుకుని కారెంటాన్ దగ్గర మళ్లీ దూకారు.

ప్రశ్న: యుద్ధాన్ని ఇలా పండుగలా చేయడం చనిపోయినవారిని అవమానించడం కాదా? హిట్లర్ సైనికుల వేషాలు కూడా వేస్తారట!

జవాబు: ఈ ఆక్షేపణలో బలం ఉంది. నార్మండీలో జూన్ మొదటి వారంలో ఆనాటి జీపుల మీద తిరిగే అందరూ చరిత్ర చదివి వచ్చినవాళ్లు కారు. వేషం బాగుందని ఫొటో దిగడానికి వచ్చినవాళ్లూ ఉంటారు. వేషాల విషయంలో చట్టాలు కూడా జోక్యం చేసుకున్నాయి. నేరస్థ సంస్థలుగా ప్రకటించిన వాటి యూనిఫారాలను బహిరంగంగా ధరించడాన్ని ఫ్రాన్స్ నిషేధించింది, చరిత్రకు సంబంధించిన ప్రదర్శనలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. జర్మనీలోనూ నాజీ చిహ్నాల మీద నిషేధం, విద్యాపరమైన ఉపయోగానికి మినహాయింపు ఉన్నాయి. మినహాయింపు ఉంది కదా అని వేసుకోవాలా అన్నది వేరే ప్రశ్న. మా సమాధానం వద్దనే.

అయితే రవాణా విమానం చుట్టూ జరిగే ప్రదర్శనలో చంపడం ముఖ్యాంశం కానవసరం లేదు. 1948 జూన్ నుంచి 1949 మే వరకు సోవియట్ దిగ్బంధంలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు తిండి, బొగ్గు మోసినవి మొదట సి-47లు, తర్వాత వాటికంటే పెద్దవైన సి-54లు. గేల్ హాల్వర్సెన్ అనే పైలట్ చేతిరుమాళ్లకు చాక్లెట్లు కట్టి పిల్లలకు జారవిడిచాడు. ఏ విమానం తనదో పిల్లలు గుర్తుపట్టడానికి రెక్కలు ఊపేవాడు. అమెరికాలో ఒక సంస్థ సి-54లో ఆ చాక్లెట్ల వానను ఏళ్ల తరబడి పునరభినయించింది. 2020 ఏప్రిల్‌లో టోర్నడో ఆ విమానాన్ని పాడుచేసింది. ఇటువంటి ప్రదర్శన చూసి ఇంటికి వెళ్లిన పిల్లవాడి మనసులో ఏం మిగులుతుందో ఆలోచించండి.

ప్రశ్న: ఇంత అరుదైన వస్తువును ఎగురవేసి ప్రమాదంలో పెట్టడం కంటే మ్యూజియంలో ఉంచడం మంచిది కాదా?

జవాబు: ఎప్పుడూ ఒకే జవాబు చెల్లదు. నార్మండీలోని మెర్‌విల్ ఫిరంగి స్థావరం దగ్గర ఉన్న సి-47ను బోస్నియాలోని సరయెవోలో పాడుబడి ఉండగా కనుక్కుని, 2008లో తీసుకొచ్చి నిలబెట్టారు. అది ఎగరదు. ఎగరవలసిన అవసరం లేదు కాబట్టి దానిలో పాత భాగాలను అలాగే ఉంచవచ్చు. ఎగిరే విమానంలో భద్రత కోసం పాత రేకును తీసివేయక తప్పదు. అంటే ఎగరడం వల్ల చప్పుడు, వాసన, కదలిక మిగులుతాయి, పాత లోహం కొంత పోతుంది. నిలబెడితే లోహం మిగులుతుంది, తక్కినవి పోతాయి. వేల సంఖ్యలో తయారై ఇంకా చాలా మిగిలిన సి-47 వంటివి కొన్ని ఎగరవచ్చు. ప్రపంచంలో ఒకటో రెండో మిగిలినవాటిని నేల మీదే ఉంచాలన్నది మా అభిప్రాయం. ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఒక్క గంట ఎగిరితే సి-47 సుమారు 350 లీటర్ల విమాన పెట్రోలు తాగుతుంది.

ప్రశ్న: మన వైమానిక దళం దగ్గర ఉన్న ‘పరశురామ’ శ్రీనగర్‌కు మొదట సైన్యాన్ని తీసుకెళ్లిన డకోటాయేనా?

జవాబు: కాదు, ఇది చాలామంది పొరపాటుపడే విషయం. 1947 అక్టోబరు 27న లెఫ్టినెంట్ కర్నల్ దివాన్ రంజిత్ రాయ్ నాయకత్వంలో ఒకటో సిక్కు బెటాలియన్ సైనికులను శ్రీనగర్‌లో దించిన డకోటా నంబరు వీపీ 905. దానికి గౌరవసూచకంగా అదే నంబరును ఈ విమానం తోక మీద రాశారు. విమానం వేరు. అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్, డకోటాలు నడిపిన తన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె.చంద్రశేఖర్ జ్ఞాపకార్థం, ఒక పాత విమానాన్ని కొని, బ్రిటన్‌లో బాగుచేయించి వైమానిక దళానికి ఇచ్చారు. అది 2018 ఏప్రిల్‌లో బ్రిటన్ నుంచి మజిలీలు చేసుకుంటూ ఎగిరి వచ్చింది. మే 4న హిండన్‌లో లాంఛనంగా దళంలో చేరింది. తోక మీది నంబరు చూసి నమస్కారం పెట్టేవారికి ఈ సంగతి పక్కన పలక మీద రాసి చెబితే గౌరవం తగ్గదు.

ప్రశ్న: నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పైలట్‌ను కాలేను, దూకడానికి ఇంట్లో ఒప్పుకోరు. ఈ రంగంలో నాలాంటివారికి చోటు ఉందా?

జవాబు: ఎగిరేవాడు ఒక్కడైతే నేల మీద పనిచేసేవాళ్లు పదిమంది. రేడియల్ ఇంజన్ తెలిసిన మెకానిక్‌లు వయసు మీదపడి విశ్రాంతి తీసుకుంటున్నారు, వాళ్ల చేతిలోని విద్య మరొకరి చేతికి అందవలసి ఉంది. లాగ్ పుస్తకాలు చదివి విమానం చరిత్రను నిర్ధారించేవాళ్లు, గుడ్డ కుట్టి బిగించేవాళ్లు, పారాచూట్ మడిచేవాళ్లు కూడా కావాలి. మొదట రివెట్ కొట్టడం నేర్చుకోండి. ఇది ఇద్దరు చేసే పని. బయట ఒకరు రివెట్ గన్ పట్టుకుంటే, లోపల ఇరుకులో దూరినవాడు రివెట్ తోకకు ఎదురుగా ఇనుప దిమ్మను ఆనించి పట్టుకోవాలి. మధ్యలో రేకు అడ్డం, ఒకరికొకరు కనిపించరు, చప్పుడులో మాట వినిపించదు. అందుకని ఇన్నిసార్లు తడితే బాగుందని, ఇన్నిసార్లు తడితే ఇంకాస్త కొట్టమని ముందే అనుకుంటారు. లోపలివాడు రేకు మీద దిమ్మతో తడతాడు, బయటివాడు గన్ ఆపి చెవి ఒగ్గి వింటాడు.